ఈతన్ సినిమా నుంచి సెల్‌ఫోన్ దాకా

ఆపరేషన్‌కి వచ్చిన పిల్లల్లో భయం ఎంత ఉందో తెలుసుకోవడానికి బార్బరా మెలమెడ్, లారెన్స్ సీగెల్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు వాళ్ళ అరచేతుల చెమటను కొలిచారు. ఆ పరిశోధన 1975లో అచ్చయింది. అందులో 4 నుంచి 12 ఏళ్ళ పిల్లలు 60 మంది ఉన్నారు. సగం మందికి ఈతన్ అనే ఏడేళ్ళ అబ్బాయి హెర్నియా ఆపరేషన్ చేయించుకునే 16 నిమిషాల సినిమా చూపించారు. మిగతా వాళ్ళకి ఆస్పత్రి ఊసే లేని మరో సినిమా వేశారు. ఈతన్‌ని చూసిన పిల్లల్లో ఆపరేషన్ ముందు రాత్రీ, ఇంటికెళ్ళిన మూడు నాలుగు వారాలకీ బెదురు తక్కువగా కనిపించింది.

ఈతన్ అందులో వీరుడేం కాదు. భయపడతాడు, ఆ సంగతి తన నోటితోనే చెప్తాడు, చివరికి గట్టెక్కుతాడు. నా దృష్టిలో సినిమాకి ప్రాణం అదే.

పిల్లల్ని ఆస్పత్రికి సిద్ధం చేసే ఈనాటి యాప్‌లకి మూలం అక్కడుంది. ఇంగ్లండ్‌లో క్రిస్ ఎవాన్స్ అనే మత్తు డాక్టరు 3 నుంచి 12 ఏళ్ళ పిల్లల కోసం ‘లిటిల్ జర్నీ’ తయారుచేశారు. ఫోన్‌ని అట్టపెట్టె కళ్ళజోడులో పెట్టి చూస్తే వార్డు, మత్తిచ్చే గది, మెలకువ వచ్చాక ఉంచే గది వరసగా కనిపిస్తాయి. పిల్లాడు తల ఎటు తిప్పితే బొమ్మ అటు తిరుగుతుంది. ఫోన్‌లోని గైరోస్కోప్ చేసే పని అది. సినిమాలో కెమెరా చూపించిందే చూడాలి. ఇక్కడ ఏ మూలకి చూడాలో పిల్లాడిష్టం.

ఎం.ఆర్.ఐ. స్కాన్ సంగతి ఇంకో రకం. బలమైన అయస్కాంత క్షేత్రంలో తీగచుట్టల్లోని కరెంటు వేగంగా మారుతుంటే అవి అదిరిపోతాయి, మోత వంద డెసిబెల్స్ దాటుతుంది. కదిలితే బొమ్మ చెదిరిపోతుంది కాబట్టి చిన్నపిల్లలకి తరచూ మత్తివ్వాల్సి వస్తుంది. యాప్‌లో ఆ మోత ఇంట్లోనే విని, కదలకుండా పడుకునే ఆట ఆడిన పిల్లల్లో కొందరికి ఆ మత్తు తప్పుతుంది. ఫిలిప్స్ కంపెనీ వాళ్ళ ‘కిట్టెన్ స్కానర్’ అనే ఆట స్కానర్‌లో పిల్లలే ఆటబొమ్మని స్కాన్ చేస్తారు.

మంచి యాప్ ఏం కనిపిస్తుందో, ఏం వినిపిస్తుందో, ఎక్కడ చురుక్కుమంటుందో ముందే చెప్తుంది. ఎప్పుడు చెప్పాలన్నదీ ముఖ్యమే. మూడేళ్ళ పాపకి వారం ముందు చెప్తే వారమంతా బెంగే. ఎనిమిదేళ్ళ వాడికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

మన దగ్గర యాప్‌లు చేసేవాళ్ళకి నాదొక విన్నపం: హైదరాబాద్ నీలోఫర్ లాంటి పిల్లల ఆస్పత్రుల వార్డులతో, మన పిల్లల గొంతుతో తెలుగులో ఒకటి చేయండి. అమ్మలూ నాన్నలూ, “అన్నం తినకపోతే డాక్టరుతో సూది వేయిస్తా” అని బెదిరించకండి. సూది ఉన్నరోజున “సూది లేదు నాన్నా” అని చెప్పి తీసుకెళ్ళకండి.