ఒకే పడకపై ఇద్దరికీ సుఖనిద్ర

శరీరాన్ని నిలబెట్టే మూడు ఉపస్తంభాలుగా ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యాలను చరక సంహిత పేర్కొన్నది. సుఖదుఃఖాలు, పుష్టి కార్శ్యాలు, బలాబలాలు, చివరకు జీవన మరణాలు కూడా నిద్రను ఆశ్రయించి ఉంటాయని ఆ గ్రంథం సూత్రస్థానంలో వివరించింది. ఈ మూడింటిలో ఆహారం విషయమై మన ఇళ్లలో ఎంతో శ్రద్ధ వహిస్తాము. భర్తకు వంకాయ పడదంటే మరొక కూర వండుతారు. భార్యకు కారం పడదంటే తగ్గించి వేస్తారు. కాని నిద్ర దగ్గరకు వచ్చేసరికి ఇద్దరికీ ఒకే పరుపు, ఒకే దుప్పటి, ఒకే ఫ్యాను వేగం, ఒకే వేళ సరిపోవాలని భావిస్తాము. సరిపడనివారు ఏళ్ల తరబడి మౌనంగా భరిస్తారు. ఈ మౌనం వల్ల భరించేవారి నిద్ర చెడటమే కాక, కొన్ని సందర్భాలలో రెండవవారిలో దాగి ఉన్న వ్యాధి కూడా బయటపడకుండా పోతుంది.

ఇద్దరి నిద్ర ఒకే తీరుగా ఉండదు

వాత ప్రకృతి గలవారికి నిద్ర పలుచన. చిన్న అలికిడికే మేల్కొంటారు, చలిగాలి వారికి సరిపడదు. పిత్త ప్రకృతి వారికి ఒంటి వేడి ఎక్కువ, దుప్పటి తన్నివేస్తారు. కఫ ప్రకృతి వారిది గాఢనిద్ర. పక్కన ఏమి జరిగినా తెలియదు. భిన్న ప్రకృతుల వారు దంపతులైనప్పుడు ఒకరి సౌఖ్యం మరొకరికి ఇబ్బంది కావడం సహజమే. ఇందులో ఎవరి దోషమూ లేదు.

ఆధునిక శాస్త్రం కూడా దీనికి దగ్గరగానే చెబుతున్నది. నిద్ర పట్టే వేళ శరీరాంతర్గత ఉష్ణోగ్రత కొంత తగ్గాలి. గది మరీ వేడిగా ఉంటే అది సాఫీగా జరగదు. రాత్రి తొమ్మిదింటికే కళ్లు మూతలు పడటం, పన్నెండు దాటితే గాని కునుకు రాకపోవడం అనేవి కేవలం అలవాట్లు కావు. పుట్టుకతో వచ్చిన లక్షణం కూడా వాటిలో ఉన్నది. ముట్లుడిగే వయసులో స్త్రీలకు అర్ధరాత్రి హఠాత్తుగా ఒళ్లంతా ఆవిర్లు వచ్చి చెమటలు పట్టవచ్చు. పక్కన భర్త చలికి ముడుచుకుంటుండగా ఆమె ఫ్యాను వేగం పెంచితే అది మొండితనం కాదని గ్రహించాలి.

మంచం, పరుపు

నాలుగడుగుల వెడల్పు గల డబుల్ కాట్‌పై ఇద్దరు పడుకుంటే ఒక్కొక్కరికి దక్కేది రెండడుగులే. ఒంటరిగా పడుకునే మూడడుగుల మంచంపై ఉన్నంత చోటు కూడా ఇందులో లేదు. మధ్యలో పసివాడు చేరితే చెప్పనవసరం లేదు. కనుక కొత్త మంచం చేయించేవారు గదిలో స్థలముంటే ఐదడుగులు, వీలైతే ఆరడుగుల వెడల్పు చూసుకోవడం మంచిది. తల ఏ దిక్కున ఉండాలో విచారించే శ్రద్ధలో కొంత ఈ కొలతపై కూడా పెట్టాలి.

స్ప్రింగు పరుపుపై ఒకరు పక్కకు ఒత్తిగిల్లితే ఆ కదలిక రెండవవారిని లేపే అవకాశం ఎక్కువ. కొబ్బరి పీచు పరుపు, గట్టిగా కుట్టించిన దూది పరుపు అంతగా ఊగవు. నడుము నొప్పి గలవారికి కొంత గట్టి పరుపు, భుజాల నొప్పి గలవారికి కొంత మెత్తనిది కావలసి వస్తే, ఒకే మంచంపై మూడడుగులవి రెండు విడి పరుపులు పక్కపక్కన వేసి, పైన ఒకే దుప్పటి పరచవచ్చు. అప్పుడు పడక ఒకటే అయినా ఎవరి పరుపు వారిదవుతుంది.

దుప్పటి, గాలి, వెలుతురు

కప్పుకునే దుప్పట్లు మాత్రం తప్పక రెండు ఉండాలి. ఇది ఖర్చు లేని ఉపాయం. దుప్పటి లాగుకోవడం వల్ల వచ్చే తగవులు దీనితోనే తీరిపోతాయి. చలి పడనివారు ఫ్యాను గాలి సూటిగా తగలని వైపు పడుకోవాలి. ఏసీ ఉన్న ఇళ్లలో 24 డిగ్రీల వద్ద ఉంచి, చలి అనిపించినవారు మందపాటి దుప్పటి కప్పుకోవడం ఉభయతారకం. మన దేశంలో 2020 జనవరి 1 నుంచి స్టార్ గుర్తు గల గది ఏసీలను ఆరంభంలో 24 డిగ్రీలకే అమర్చి అమ్మాలన్న నియమం వచ్చింది.

ఆలస్యంగా పడుకునేవారు పుస్తకమైనా, సెల్‌ఫోనైనా ముందు గదిలో ముగించుకుని, దీపం వేయకుండా పడకగదిలోకి రావాలి. వేకువన లేచేవారు స్నానానికి కావలసిన బట్టలు రాత్రే బయట పెట్టుకుంటే బీరువా తలుపుల చప్పుడు ఉండదు. రాత్రి ఎక్కువసార్లు మూత్ర విసర్జనకు లేచేవారు తలుపు వైపు పడుకోవడం ఇద్దరికీ మేలు.

గురక: సాక్షి పక్కనున్నవారే

నిద్రలో గొంతు కండరాలు సడలి, శ్వాసమార్గం ఇరుకైనప్పుడు అంగిలి వెనుక భాగం అదరడం వల్ల గురక పుడుతుంది. స్థూలకాయం, ముక్కు దిబ్బడ, మద్యపానం, నిద్రమాత్రలు దీనిని పెంచుతాయి. వెల్లకిలా పడుకుంటే గురక హెచ్చుతుంది. పక్కకు తిరిగి పడుకోవడం, బరువు తగ్గడం వల్ల చాలామందికి ఉపశమనం లభిస్తుంది. ఎడమ వైపు పడుకోవడం పుల్లతేన్పులు, గుండెమంట గలవారికి కూడా మంచిది.

అయితే అన్ని గురకలూ ఒకటి కావు. పెద్దగా గురక పెడుతూ మధ్యలో పది సెకన్లో అంతకు మించియో శ్వాస ఆగిపోయి, తరువాత ఉక్కిరిబిక్కిరి అవుతూ మళ్లీ ఊపిరి తీసుకోవడం నిద్రలో శ్వాస ఆగే వ్యాధికి లక్షణం. ఉదయం తలనొప్పి, పగలు కూర్చున్నచోటే కునుకు, అదుపులోకి రాని రక్తపోటు దీనితో కలిసి కనిపిస్తాయి. వాహనం నడిపేవారికి ఇది ప్రాణాపాయం. రోగికి తన శ్వాస ఆగిన సంగతి తెలియదు. దానిని చూడగలిగినది పక్కన మేలుకొని ఉన్న వ్యక్తి మాత్రమే. ఆ వ్యక్తి విసిగిపోయి, ఏమీ చెప్పకుండా పక్క గదిలోకి వెళ్లిపోతే ఆ ఒక్క సాక్ష్యమూ లేకుండా పోతుంది.

ఇటువంటి లక్షణాలు కనిపిస్తే గృహ వైద్యంతో కాలయాపన చేయరాదు. చెవి ముక్కు గొంతు వైద్యునికో, ఊపిరితిత్తుల వైద్యునికో చూపించి నిద్ర పరీక్ష చేయించాలి. అవసరమైనవారికి నిద్రలో ముఖానికి తొడిగి గాలిని ఒత్తిడితో పంపే యంత్రం మంచి ఫలితమిస్తుంది. అలాగే పడుకోగానే కాళ్లలో పురుగులు పాకినట్లుండి, కదిలిస్తే గాని ఊరట లేనివారు రక్తంలో ఇనుము పరీక్ష చేయించుకోవాలి. నడివయసు దాటినవారు కలలో అరవడం, చేతులు కాళ్లు విసరడం తరచుగా జరిగితే నరాల వైద్యుని సంప్రదించాలి.

గృహోపచారాలు

1. రాత్రి భోజనం పడకకు రెండు మూడు గంటల ముందే ముగించాలి. సాయంత్రం తరువాత కాఫీ, టీ మానాలి. వాటి ప్రభావం చాలా గంటలు నిలుస్తుంది.

2. గోరువెచ్చని నువ్వుల నూనెతో అరికాళ్లు ఐదు నిమిషాలు మర్దన చేసి గుడ్డతో తుడవాలి. దీనినే పాదాభ్యంగం అంటారు. దంపతులు ఒకరికొకరు చేసుకుంటే మరింత హాయి.

3. గోరువెచ్చని పాలలో చిటికెడు జాజికాయ పొడి కలిపి త్రాగడం పూర్వాచారం. మోతాదు మించితే జాజికాయ హాని చేస్తుంది. గర్భిణులు, పిల్లలు వాడరాదు.

4. ముక్కు దిబ్బడ గలవారు పడుకునే ముందు వేడినీటి ఆవిరి పట్టాలి.

విడిగా పడుకోవడం తప్పా?

పూర్వం ఉమ్మడి కుటుంబాలలో ఎండాకాలం వచ్చిందంటే మగవారు అరుగు మీద, ఆడవారు పెరటిలో నులక మంచాలు వేసుకునేవారు. అందువల్ల వారి దాంపత్యాలు చెడిపోలేదు. నేడు మాత్రం దంపతులు వేర్వేరు మంచాలపై పడుకుంటే అత్తగారు ఏమనుకుంటారో, పిల్లలు ఏమనుకుంటారో అని సంకోచిస్తున్నారు. పగలంతా ఆప్యాయంగా మెలగి, రాత్రి కొంతసేపు కలిసి కబుర్లాడి, నిద్రకు మాత్రం ఎవరి పడకకు వారు చేరడంలో తప్పు లేదు. కోపంతోనో, చెప్పకుండానో వెళ్లడం మాత్రం తప్పు. గురక కారణంగా విడిపడేవారు ముందుగా పైన చెప్పిన పరీక్ష చేయించుకోవడం అవసరం.

ఎప్పుడు, ఎలా చెప్పాలి?

నిద్ర చెడిన అర్ధరాత్రి వేళ ఈ ప్రస్తావన తేరాదు. మరునాడు ఇద్దరూ తీరికగా ఉన్నప్పుడు చెప్పాలి. "మీ గురకతో చచ్చిపోతున్నాను" అనే మాట నిందగా వినిపిస్తుంది. "రాత్రి మూడుసార్లు మెలకువ వచ్చిందండీ, మధ్యలో మీకు ఊపిరి ఆగినట్లనిపించి భయం వేసింది, ఒకసారి డాక్టరుకు చూపిద్దాం" అంటే అది శ్రద్ధగా వినిపిస్తుంది. వినేవారు కూడా నవ్వి కొట్టివేయకుండా, "నేనెక్కడ గురక పెట్టాను?" అని వాదించకుండా ఆలకించాలి. నిద్రపోయినవారు చెప్పే సాక్ష్యం కన్నా మేలుకొన్నవారి సాక్ష్యమే నమ్మదగినది కదా!

ఒక మార్పును ఎంచుకుని రెండు వారాలు ఆచరించి చూడాలి. ఇద్దరూ ఉదయం తేలికగా లేవగలుగుతుంటే దానిని కొనసాగించాలి. లేకుంటే మరొకటి ప్రయత్నించాలి. పెద్దలకు సాధారణంగా రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర అవసరం. ఆ ఏడు గంటలు ఇంట్లో ఇద్దరికీ దక్కేటట్లు చూసుకోవడం దంపతులిద్దరి బాధ్యత.