చనిపోయినవాళ్ల ఊరు పన్ను ఎలా చెబుతుంది?

బెంగళూరులో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ఎల్లాపుర. చుట్టుపక్కల అడవి పల్లెల్లో సిద్దీలు ఉంటారు. కన్నడ, కొంకణి గడగడా మాట్లాడతారు. రింగుల జుట్టు మాత్రం ఆఫ్రికాది. వీళ్ల పూర్వీకుల్లో చాలామందిని పోర్చుగీసువాళ్లు బానిసలుగా ఓడల్లో గోవాకు తెచ్చారు. సరుకు లెక్క రాశారు కానీ, మనిషి ఊరు ఎవరు రాస్తారు?

ఆ లెక్క డీఎన్ఏలో మిగిలింది. 2011లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు సిద్దీల డీఎన్ఏను ఆఫ్రికా, భారత జనాల డీఎన్ఏతో పోల్చారు. సగానికి మించి ఆఫ్రికా వారసత్వమే, అదీ బంటూ భాషల వాళ్లది. స్థానికులతో కలయిక సుమారు 200 ఏళ్లలోపుదట. అంటే ఎనిమిది తరాలు.

బతికున్నవాళ్లు సరే, ఏనాడో పోయినవాళ్ల సంగతో? కరీబియన్ దీవి సెయింట్ మార్టిన్‌లో 17వ శతాబ్దపు బానిసల అస్థిపంజరాలు మూడు దొరికాయి. ముందు పళ్లు అరగదీసి ఉన్నాయి. అది ఆఫ్రికాలో కొన్ని జాతుల ఆచారం. అక్కడి ఎండకూ తేమకూ డీఎన్ఏ తునాతునకలైపోయింది. పైగా మట్టిలోని సూక్ష్మజీవుల డీఎన్ఏ కలిసిపోయింది. అందుకే పంటి వేరును పొడి చేసి, గాలానికి ఎర కట్టినట్టు, మనిషి డీఎన్ఏకు మాత్రమే అతుక్కునే ముక్కలతో దాన్ని బయటికి లాగారు. నేటి ఆఫ్రికన్లతో పోల్చారు. ఒకరిది ఉత్తర కామెరూన్ వైపు. ఇద్దరిది నైజీరియా, ఘనా వైపు. 2015లో ఇది తేలింది.

అన్నట్టు, సీసీఎంబీ ఉన్నది హబ్సిగూడలో. హబ్షీ అంటే ఆఫ్రికా మనిషి.