రోకలిబండ ఆయుధము

తొలకరి చినుకులు పడగానే పెరటి చెత్తలోనుండి రోకలిబండలు మెల్లగా వెలువడును. జెర్రులని భ్రమించి వీనిని చెప్పుక్రింద నలిపివేయువారు పెక్కురు. జెర్రికి విషపు కోరలున్నవి. రోకలిబండకు కరచుటయే తెలియదు. ఎండుటాకులు తిని మట్టికి సారము చేకూర్చుటయే దాని పని.

శత్రువు పైబడినచో అది మొదట చుట్టగా చుట్టుకొనును. అప్పటికిని విడువనిచో ప్రక్కలనున్న గ్రంథులనుండి ఘాటైన ద్రవమును వెలిగ్రక్కును. గుండ్రని ఒడలుగల పెద్ద జాతులలో ఈ ద్రవమున బెంజోక్వినోనులను రసాయనములుండును. వానికి వెరచి చీమలు తొలగిపోవును. మనుష్యుల వ్రేళ్లకు గోధుమవన్నె మచ్చలు పడును. కంట పడినచో మంట, వాపు కలుగును.

పాలిడెస్మిడా వర్గపు జీవులలోని ఏర్పాటు మరింత విచిత్రము. వాని గ్రంథికి రెండు గదులు, నడుమ కవాటము. ఒక గదిలో మాండెలోనైట్రిల్, రెండవదానిలో ఎంజైము. ఆపదవేళ రెండును కలియగా బాదము వాసనగల బెంజాల్డిహైడు, దానితోపాటు హైడ్రోజను సయనైడు పుట్టును. అమెరికాలో థామస్ ఐస్నర్ బృందము ఈ నిర్మాణమును 1963లో వివరించినది.

విషమును రెండు గదులలో విడదీసి దాచుకొన్న ఈ ప్రాణి, ఎవరును బాధింపనిదే ఆయుధమెత్తదు. ఇంటిలోనికి వచ్చినచో పుల్లతో ఎత్తి చెట్టు మొదట విడుచుటయే ఉభయులకును క్షేమము.