ఆసుపత్రి సిబ్బంది గదులు - వైరసుల వ్యాప్తి

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున బస్తరు ప్రాంతమందలి బీజాపూర్ జిల్లా 2007లో ఏర్పడినది. తెలంగాణ, మహారాష్ట్ర రాష్ట్రములు దీనికి సరిహద్దులు. భోపాలపట్నం పరిసరములలో తెలుగు మాటలాడువారు కలరు. ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద దేశమున మొట్టమొదటి ఆరోగ్య కేంద్రము 2018 ఏప్రిల్ 14వ తేదీన ఈ జిల్లాలోని జాంగ్లా గ్రామముననే ప్రారంభింపబడినది. అడవులు, వాగులు దాటి రోగులు రావలసిన ఇట్టిచోట ఒక్క నర్సు మంచమెక్కినచో ఆమె పని చేయుటకు మరియొకరు దొరకుట కష్టము. కావున సిబ్బంది ఆరోగ్యము వారి సొంత విషయము మాత్రమే కాదు.

వార్డు అపాయకరమని ఎల్లరు ఎరుగుదురు. అచట నేల తుడుతురు, చేతులు కడుగుకొందురు. సిబ్బంది గదిలో అడుగిడగానే ఆ జాగ్రత్త సడలును. మాస్కు తీయుట, టీ త్రాగుట, అన్నము తినుట అచటనే. తలుపు గడియ, కుళాయి పిడి, టెలిఫోను, హాజరు పట్టీ, దానికి త్రాటితో కట్టిన కలము - ఇవి అందరి చేతులును తాకునవి. వీనిని తుడుచుట ఎవరి పని యని అడిగినచో పెక్కు ఆసుపత్రులలో స్పష్టమైన సమాధానము లభింపదు.

వైరసు తనంతట తాను నడువజాలదు. చేతులు, చెప్పులు దానికి వాహనములు. 2020 ఫిబ్రవరి, మార్చి నెలలలో చైనా దేశపు వూహాన్ నగరమందలి హువోషెన్‌షాన్ ఆసుపత్రిలో పరిశోధకులు నమూనాలు సేకరించిరి. కంప్యూటరు మౌసులపైనను, చెత్త డబ్బాలపైనను కరోనా వైరసు జాడలు కానవచ్చెను. అత్యవసర చికిత్సా విభాగపు సిబ్బంది పాదరక్షల అడుగున తీసిన నమూనాలలో సగమింటియందును అవి ఉండెను. రోగులు ప్రవేశింపని మందుల గది నేల సయితము ఇందుకు మినహాయింపు కాలేదు.

జాడ దొరికినంతనే సజీవమైన వైరసు ఉన్నదని తలపరాదు. కరోనా ప్రధానముగా గాలి ద్వారా వ్యాపించుననియు, వస్తువుల ద్వారా సోకుట అరుదనియు తరువాత తేలినది. అందుచే ఇరుకు గదిలో పదిమంది కలిసి భుజించుటకంటె కిటికీలు తెరచి, విడతలుగా భుజించుట మేలు. ఐనను వైరసులన్నియు ఒకే తీరువి కావు. వాంతులు, విరేచనములు కలిగించు నోరోవైరసు వస్తువులపై దినముల తరబడి నిలుచును. దానిపై స్పిరిటు ద్రావణము చాలినంత పనిచేయదు, సబ్బు నీటితో చేతులు కడుగుకొనవలసినదే. హెపటైటిస్ బి వైరసు శరీరము వెలుపల, ఎండిన రక్తమునందు సయితము, కనీసము 7 దినములు శక్తి కోల్పోక ఉండగలదు.

శుభ్రపరచుటలో వరుస ముఖ్యము. మురికి యున్నచో క్లోరిను మందు శక్తి తగ్గును. కావున ముందు సబ్బు నీటితో తుడిచి, పిదప నూటికి ఒక పాలు సోడియం హైపోక్లోరైటు గల ద్రావణమును పూసి, కొంతసేపు తడిగా ఉండనీయవలెను. ఇది లోహములను తినివేయును గనుక వానికి నూటికి 70 పాళ్లు ఆల్కహాలు గల ద్రావణము వాడుదురు. క్లోరిను మందును ఆమ్లముతో ఎన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును.

రోగి బంధువులు మొగమాటము చేతనో చనువు చేతనో అన్నపు డబ్బాను నర్సుల బల్లపై ఉంచుట, సెల్‌ఫోను చార్జింగుకై సిబ్బంది గదిలోనికి వచ్చుట కలదు. డబ్బాను వార్డులోనే ఉంచుకొని, ఫోను విషయము వెలుపల వాకబు చేయవచ్చును.