నీళ్లు గొట్టంలో.. ఎరువు గట్టు మీద!
మొక్కజొన్నకు డ్రిప్పు వేశారు, వెంచురీని మరిచారు

గుడియాత్తం: కౌండిన్య నది పలమనేరు వైపు నుంచి దిగి, మోర్దానా జలాశయం దాటి గుడియాత్తం చేరుతుంది. 2021 నవంబరులో పొంగి ఒడ్డునున్న ఇళ్లను ముంచింది ఈ నదే. వానలు వెనుకబడితే మాత్రం ఏట్లో మిగిలేది ఇసుకే. అటు పాలారుదీ అదే కథ. ఇక రైతుకు దిక్కు బోరే. మొక్కజొన్న, ఇక్కడి వాళ్ల మాటలో మక్కాచోళం, పండాలన్నా బోరు నీటినే పొదుపుగా వాడుకోవాలి. అందుకే డ్రిప్పు గొట్టాలు చేలల్లోకి వచ్చాయి. అయితే అదే గొట్టంలో ఎరువు పంపే పని ఇంకా చాలామందికి అలవాటు కాలేదు. సెట్టుతో పాటు వచ్చిన వెంచురీ షెడ్డులో దుమ్ము పట్టి ఉంటుంది, యూరియా మాత్రం చేత్తోనే చల్లుతారు.

నష్టం ఎక్కడంటే.. డ్రిప్పు చేలో తడి గొట్టం పక్కనే ఉంటుంది, వేరూ అక్కడే ఉంటుంది. సాలు మధ్య పొడి నేలలో పడిన యూరియా వేరుకు అందదు. కొంత ఆవిరైపోతుంది. కొన్నది రైతు, తిన్నది గాలి!

లెక్క చూద్దాం. హైబ్రిడ్ మొక్కజొన్నకు హెక్టారుకు 250 కిలోల నత్రజని, 75 కిలోల చొప్పున భాస్వరం, పొటాష్ వేయాలని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు. ఎకరాకు యూరియా సుమారు 217 కిలోలు, అంటే 45 కిలోల బస్తాలు దాదాపు ఐదు. దీన్ని రెండో వారం నుంచి ఎనిమిది వారాలకు పంచుకోవచ్చు. మొదటి రెండు వారాలు 15 కిలోల చొప్పున, తర్వాత నాలుగు వారాలు 35 కిలోల చొప్పున, మిగిలింది చివరి రెండు వారాలకు. పైరు మోకాలెత్తు నుంచి పూత దాకా ఆకలి మీద ఉంటుంది, ఎక్కువ భాగం అప్పుడే అందాలి. పొటాష్ ఎకరాకు 50 కిలోలు, వారానికి ఆరేడు కిలోలు. తెల్ల పొటాషే వాడాలి, ఎర్రదానిలో మడ్డి ఉంటుంది.

సూపర్ ఫాస్ఫేట్‌ను మాత్రం గొట్టంలోకి రానివ్వకూడదు. అందులోని జిప్సం సరిగా కరగదు. దాన్ని ఆఖరి దుక్కిలోనే మట్టిలో కలిపేయాలి. టమాటా రైతులు వాడే 19:19:19 లాంటి ఖరీదైన ఎరువులు మొక్కజొన్న ధరకు గిట్టుబాటు కావడం కష్టమే. యూరియా, తెల్ల పొటాష్‌తో సరిపెట్టుకోవడమే నయం.

వెంచురీ పీల్చడం లేదని పక్కన పడేసిన వాళ్లూ ఉన్నారు. తప్పు వెంచురీది కాదు. ప్రధాన గొట్టం మీది వాల్వును కొంచెం మూస్తేనే దానికి ఒత్తిడి తేడా దొరికి బకెట్లోని ద్రావణాన్ని లాగుతుంది. ముందు కాసేపు ఉత్త నీళ్లు, తర్వాత ఎరువు, చివర మళ్లీ ఉత్త నీళ్లు వదలాలి. ఆఖరి నీళ్లు వదలకపోతే రంధ్రాల్లో ఉప్పు పేరుకుంటుంది. బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉన్న చోట ఈ బెడద ఇంకా ఎక్కువ, అక్కడ ఫిల్టరు తరచూ కడగాలి, అవసరమైతే యాసిడ్ శుద్ధి చేయించాలి. ఎరువు నీళ్లు వెనక్కి బోరులోకి జారకుండా నాన్ రిటర్న్ వాల్వు తప్పనిసరి. ఆ బోరు నీళ్లే ఇంట్లో తాగేవాళ్లు ఉంటారు కదా.

నీళ్లు, మట్టి సంగతి తేల్చుకోవాలంటే వేలూరు దగ్గర విరింజిపురంలో వ్యవసాయ పరిశోధన కేంద్రం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. తమిళనాడులో చిన్న, సన్నకారు రైతులకు డ్రిప్పుపై నూరు శాతం, మిగతావారికి 75 శాతం సబ్సిడీ ఇస్తున్నారు. చిట్టా, అడంగల్, ఆధార్‌తో పాటు తహసీల్దారు ఇచ్చే చిన్న రైతు ధ్రువపత్రం కావాలి. పట్టా తాతల పేరు మీదే ఉండిపోయిన కుటుంబాలు ముందు దాన్ని మార్పించుకోవాలి, అక్కడే ఆలస్యమవుతుంది. అదే పొలానికి మళ్లీ సబ్సిడీ రావాలంటే ఏడేళ్లు ఆగాలి. ఈలోగా గొట్టాలు మూసుకుపోతే ఖర్చు రైతుదే.