గోడకు రంగు వేసే ముందు

అక్టోబరు చివరికి మన సంఘాల్లో రెండు ప్రశ్నలు మొదలవుతాయి. స్టారు ఎప్పుడు కడదాం? ఇంటికి రంగు ఎప్పుడు వేయిద్దాం? రెండూ సంతోషపు మాటలే. కానీ నెల్లూరు, బాపట్ల తీరంలో వానా చలీ కలిసి వచ్చేదీ అప్పుడే. నెల్లూరు ప్రాంతానికి ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుండి డిసెంబరు లోపే, ఈశాన్య రుతుపవనాలతో కురుస్తుంది. 2023లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న, ఇళ్ల మీద స్టార్లు వెలిగే రోజుల్లోనే.

ముందు రంగు సంగతి. చెమ్మ గోడ మీద వేసిన రంగు నిలవదు. ఇటుక నీటిని, వత్తి నూనె పీల్చినట్టు, నేలలోంచి పైకి పీల్చుకుంటుంది. ఆ నీరు ఆరిపోయినా దానిలోని ఉప్పు గోడలోనే మిగిలి, ఉబ్బి, పూతను పెచ్చులుగా నెట్టేస్తుంది. మనం చౌడు పట్టిందంటామే, అదే. అడుగున రెండు మూడడుగుల మేర ఎండాకాలంలో కూడా తెల్లని పొడి రాలుతుంటే ఆ చెమ్మ నేలది. వాన కురిసిన మరునాడు పైకప్పు మూలన మరక కనబడితే అది డాబాది. డాబా అయితే తూములో ఆకులు తీసి, దాన్ని గుడ్డతో మూసి, అంగుళం నీళ్లు ఒక రోజు నిలిపి చూడండి. ఎక్కడ దిగుతుందో తెలుస్తుంది. పెంకుటిల్లయితే వాన రాకముందే పగిలిన పెంకులు మార్చాలి. తడిసిన పెంకుల మీద ఎవరినీ ఎక్కించకండి.

లేవీయకాండము 14వ అధ్యాయం చదివేటప్పుడు మనలో చాలామంది త్వరత్వరగా దాటేస్తాం. సెమినరీలో నేనూ అలాగే దాటేశాను. యాజకుడు ఒక ఇంటికి వెళ్లి గోడల మీది పచ్చని, ఎర్రని చారలను పరీక్షిస్తాడు. ఇంటిని ఏడు రోజులు మూయిస్తాడు. పొడ వ్యాపిస్తే ఆ రాళ్లను ఊడదీయించి, లోపలి గోడలు గీయించి, కొత్త అడుసు పూయిస్తాడు. పైపైన పూసి కప్పేయమని అక్కడ ఎక్కడా లేదు.

ఇక నన్ను ఎక్కువ కలతపెట్టే సంగతి, బాలింత గదిలో కుంపటి. చలిగాలి తగలకూడదని కిటికీలు మూసి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, బొగ్గుల కుంపటి పెడతారు. పెద్దవాళ్ల ప్రేమే అది, కాదనను. అయితే కాలే బొగ్గు నుండి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. పొగ పోయి నిప్పు ఎర్రగా కణకణలాడుతున్నప్పుడు కూడా వస్తూనే ఉంటుంది. రక్తంలో ప్రాణవాయువు ఉండవలసిన చోట అది చేరుతుంది. తలనొప్పి, వాంతి, మగత కనిపిస్తే వెంటనే బయటి గాలికి తీసుకెళ్లి, ఆసుపత్రికి చేర్చాలి. నిద్రలో ఉన్నవారికి ఆ గుర్తులైనా తెలియవు. మన పాత ఇళ్లలో పెంకుల సందులు ఉండేవి, గాలి ఆడేది. నేటి స్లాబు గదికి ఆ దారి లేదు. తల్లీబిడ్డలకు దుప్పటి, టోపీ, మేజోళ్లు వేయండి. కుంపటి మాత్రం గది బయటే ఉండనివ్వండి. అమ్మమ్మగారు ఒప్పుకోకపోతే పాస్టరుగారిని పిలవండి, వచ్చి చెబుతారు.

స్టారు గురించి కొంచెమే. డాబా మీద వైరు అతుకులు టేపు చుట్టినంత మాత్రాన వానకు ఆగవు. అతుకు లేని ఒకే వైరు వాడండి. తడిసిన స్టారును ముట్టుకునే ముందు మెయిన్ ఆపండి. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే, ఈ ఏడు కొత్త బట్టల్లో ఒక జత తగ్గించుకునైనా ఎలక్ట్రీషియన్‌తో పెట్టించుకోండి.

మా సంఘంలో ఈసారి రంగులకు తీసిన సొమ్ము రెండు రేకుల ఇళ్ల చూరుకు వెళ్లింది. గుడి తూర్పు గోడ ఈ క్రిస్మస్‌కు పెచ్చులతోనే ఉంటుంది. ఫిబ్రవరిలో గోడ ఆరాక చూద్దాం.