ఫైట్ ఎప్పుడు పట్టుకుంటుంది?

అన్నలూ, ఈసారి మాట్లాడుకున్నది కార్తీ ‘ఖైదీ’ గురించి. 2019లో తమిళం నుంచి మనకి డబ్ అయి వచ్చింది. దర్శకుడు లోకేశ్ కనగరాజ్. పాటల్లేవు, హీరోయిన్ లేదు, కథంతా ఒక్క రాత్రే. పదేళ్ల జైలు తర్వాత ఒక తండ్రి, ఇంతవరకు ముఖం చూడని కూతురి కోసం బయల్దేరతాడు. మధ్యలో స్పృహ తప్పిన పోలీసుల్ని లారీలో ఆస్పత్రికి చేర్చాల్సి వస్తుంది. రౌడీలు వెంటపడతారు.

ఫైట్లు ప్రతి సినిమాలోనూ ఉంటాయి. హీరోకి పోయేదేమీ లేకపోతే ఎంతమందిని కొట్టినా మనం ఫోన్ చూసుకుంటాం. ఇక్కడ మాత్రం ప్రతి దెబ్బకీ ‘తెల్లారేసరికి పాపని చూస్తాడా?’ అని గుండె పీకుతుంది. థ్రిల్లర్‌ అంటే ఆ భయమే. బిడ్డ పుట్టిన రెండేళ్లకి గానీ సెలవు దొరకని మనకి వేరే చెప్పాలా? శుక్రవారం రూంలో అందరూ కలిసి చూడండి.